మా ఇంటి కరెంటు మీటరు గారికి

మహారాజశ్రీ మీటరు గారి దివ్యసముఖమునకు, కంచరపాలెంలో రోజూ మీ కిందనే చెప్పులు విడిచే ఇల్లాలు రాయునది. ఉభయకుశలోపరి. ఉభయ అన్నది ఉత్తరాల అలవాటు కొద్దీ అన్నాను. కుశలం మీ ఒక్కరికే.

మా ఇంట్లో తినేది ఐదుగురం, తెచ్చేది ఒక్కరు. ఆయన పొద్దున్నే స్నానం చేసి, దేవుడికో దణ్ణం పడేసి, తిన్నగా మీ దగ్గరికొచ్చి కళ్లజోడు సవరించుకుంటారు. మీ అంకె క్యాలెండర్లో పాల లెక్క పక్కన ఎక్కుతుంది. పెళ్లైన పద్నాలుగేళ్లలో నా మొహం కేసి అంత శ్రద్ధగా చూసిన జ్ఞాపకం నాకు లేదు.

నెలకు 225 యూనిట్లు దాటకూడదన్నది ఆయన శాసనం. అందుకే ఇస్త్రీ వారానికి ఒక్కసారి, అదీ ఆఫీసు చొక్కాలకే. కూరలు రైతుబజారులో చీకటి పడ్డాక కొంటాం, ధర దిగుతుంది కాబట్టి. అది మీ పరిధి కాదనుకోండి. మీ ఎర్రదీపం 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అని మీ ఒంటి మీదే రాసుంది. మావాడు అది చదివిన దగ్గర్నుంచి హోంవర్కు మానేసి మీ ముందు కూర్చుని మిణుకులు లెక్కపెడుతున్నాడు. ఇస్త్రీపెట్టె పెట్టగానే సెకనుకొకటి చొప్పున కొట్టుకుంటుంటే "అమ్మా, మీటరుకి గుండె దడ!" అని అరుస్తాడు.

ఇక ఏసీ. మా తమ్ముడు హైదరాబాదు మకాం మారుస్తూ ఇచ్చిపోయాడు. దానికి పాత చీరతో తెర కుట్టాను. సింహాద్రి అప్పన్న నిజరూప దర్శనంలాగే మా ఇంట్లో దానికీ ఏడాదికి ఒక్క రోజే, అక్షయ తృతీయ నాడే, తెర తీస్తాం. ఈసారి ఆ ఒక్క రాత్రికే మీరు ఎనిమిది యూనిట్లు మింగారు. విశాఖ ఉక్కపోత మీకు తెలీదు. మీకు చెమట పట్టదు కదా.

ఆ ఎనిమిదే కొంప ముంచింది. రేపు రీడింగు అబ్బాయి వస్తాడనగా క్యాలెండర్లో 224 తేలింది. 75 వాట్ల ఫ్యాను పదమూడు గంటల పైచిలుకు తిరిగితే ఒక యూనిట్. మాకున్నవి మూడు. సాయంత్రం ఆరింటికి ఆయన మెయిన్ ఆపేసి "బీచ్‌కి పదండి, ఆ గాలికి మీటరు లేదు" అన్నారు.

బస్సులో అత్తయ్యకీ, నాకూ, పాపకీ జీరో టికెట్లే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచితం కదా. ఆయన తనకీ బాబుకీ టికెట్లు కొంటూ మా ముగ్గురి కేసి మురిపెంగా చూశారు. మురిపెం ఆర్కే బీచ్ దాకానే. అక్కడ ఐదు మురీ మిక్చర్లు, మూడు మొక్కజొన్న పొత్తులు, పాపకి ఐసు, బాబుకి రెండో ఐసు, అత్తయ్యకి గోళీసోడా. మొత్తం 310 రూపాయలు. గాలి మాత్రం నిజంగానే ఉచితం. అదీ తొమ్మిదింటికి ఆగిపోయింది.

పదింటికి ఇంటికొస్తే గుమ్మంలో అత్తయ్య "ఏటర్రా ఈ చీకటి, మళ్లీ హుద్‌హుద్ వచ్చీనాదేటి?" అంది. 2014 అక్టోబరు 12 నాటి ఆ తుపాను ఆవిడ మర్చిపోలేదు. అప్పుడు కరెంటు లేక రోజుల తరబడి కొవ్వొత్తులతో గడిపాం. తర్వాత వచ్చిన బిల్లు చూసి ఈయన ఒక్కరే సంతోషించారు. లైటు వేస్తే ఫ్రిజ్ కింద మడుగు. దోసెల పిండి పొంగి మూత ఎత్తేసి, అర అంతా పాకింది. నేను అర కడిగాను, ఆయన నేల తుడిచారు. ఫ్రిజ్ మాత్రం పోయిన చల్లదనం తెచ్చుకోవడానికి రాత్రంతా గుర్రుమంది.

పొద్దున్న అబ్బాయి మిషన్లో కొట్టి చీటీ చింపి ఇచ్చాడు. 226.

ఈయన గడప మీద కూలబడ్డారు. నేను బిల్లు వెనక లెక్క వేశాను. మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, తర్వాత 45 యూనిట్లు 3 రూపాయలు, ఆపైన 50 యూనిట్లు 4.50, ఇంకో వంద 6 రూపాయలు. కలిపితే 225కి 1017. ఫిక్స్‌డ్ చార్జీ, ట్రూఅప్ పేరుతో పాత ఖర్చుల వసూలు లాంటి తోకలు వేరే. ఆ 226వ యూనిట్ ఒక్కటీ 8 రూపాయల 75 పైసలు. ముందు దానికన్నా 2.75 ఎక్కువ, అంతే. ఒకప్పుడైతే 225 దాటగానే గ్రూపు మారిపోయి మొదటి యూనిట్ నుంచీ రేటు పెరిగేది. 2022లో ఆ గ్రూపులు తీసేశారు. మాకు చెప్పిన వాళ్లు లేరు. మీరు చెప్పలేదు. రోజూ ఆయన మొహంలో మొహం పెట్టి చూస్తూ కూడా మిణుకుమన్నారే తప్ప నోరు విప్పలేదు.

"ఏమండీ, 2.75 మిగిల్చుకుందామని 310 ఖర్చు పెట్టాం" అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితే మాత్రం, 8.75 ఎవడిస్తాడు?" అన్నారు.

ఇట్లు,
తమ నెలవారీ విధేయురాలు.

తా.క.: బాబు నిన్నటి నుంచి ఎదురింటి మీటరు మిణుకులు కూడా లెక్కపెడుతున్నాడు. వాళ్లింట్లో ఇద్దరు జీతగాళ్లు. వాళ్ల దీపం అసలు ఆరడమే లేదట.