ముందు కొలత రాయండి

పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి 2025 మే 30న తొలిసారి 17 మంది అమ్మాయిలు శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. సుప్రీంకోర్టు గట్టిగా చెబితే తప్ప ఆ గేటు వారికి తెరుచుకోలేదు. అబ్బాయిలతో కలిసి మూడేళ్లు అక్కడే చదివారు, అక్కడే కవాతు చేశారు. సైన్యంవైపు వెళ్లేవారికి ఇంజనీర్స్, సిగ్నల్స్, వాయు రక్షణ, ఏవియేషన్ శాఖలున్నాయి. 2023 ఏప్రిల్‌లో అయిదుగురు మహిళా అధికారులను తీసుకున్నప్పటి నుంచి ఫిరంగి దళం కూడా ఉంది. లేనివల్లా పదాతిదళం (ఇన్‌ఫాంట్రీ), కవచ వాహనాల్లో వెళ్లి పోరాడే మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ, ట్యాంకుల దళం. పరుగు పందెంలో చిట్టచివర వచ్చిన కుర్రాడు ఇన్‌ఫాంట్రీ కావాలని అడగవచ్చు. వాడికంటే ముందొచ్చిన అమ్మాయి అడగకూడదు.

ఈ తలుపు తెరవాలన్నది మా అభిప్రాయం. అయితే అందుకు మేం రాణి రుద్రమనో, ఝాన్సీ లక్ష్మీబాయినో సాక్ష్యానికి పిలవడం లేదు. మహిళా సైనికుల మాట ఎత్తగానే రుద్రమదేవి విగ్రహానికి దండ వేసి చర్చ ముగించే అలవాటు మన సభల్లో బాగా ముదిరింది. కాకతీయ సింహాసనం మీద కూర్చున్న వీరనారి కథతో సియాచిన్‌లో చిన్న జట్టు కాపలా కాసే పోస్టుకు మనిషిని ఎంపిక చేయలేం. పదాతిదళం పని వేరు. ఆ పనేమిటో చెప్పుకోకుండా అవునని అన్నా కాదని అన్నా అది నేల విడిచి సామే.

సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు నేలకొరిగిన గల్వాన్ లోయను గుర్తు చేసుకుంటే చాలు. ఉపగ్రహాలు, డ్రోన్లు, క్షిపణులు ఉన్న రెండు పెద్ద దేశాల సైనికులు 2020 జూన్ 15 రాత్రి తుపాకి పేల్చకుండా రాళ్లతో, ఇనుప కడ్డీలతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో చీకట్లో కొట్టుకున్నారు. మనవాళ్లు 20 మంది చనిపోయారు. అంతకు ఇరవై ఒక్క ఏళ్ల కిందట కార్గిల్‌లో తోలోలింగ్, టైగర్ హిల్ ఎక్కిన జవాన్లు గాలి పలచబడిన ఎత్తులో తుపాకి, తూటాలు, నీళ్లు, తిండి మోసుకుంటూ రాత్రంతా పాకారు. పక్కవాడికి తూటా తగిలితే వాణ్ని ఈడ్చుకుంటూ దిగాలి. ఇన్‌ఫాంట్రీ అంటే అది. మన తెలుగు పిల్లలు ఎక్కువగా చేరే మద్రాస్ రెజిమెంట్ యుద్ధ నినాదం ‘వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు’. కొట్టు, చంపు అని. అందులో దాపరికం ఏమీ లేదు.

కాబట్టి శరీరం సంగతి మాట్లాడటం స్త్రీ ద్వేషం కాదు. 2015లో అమెరికా మెరైన్ కోర్ తన సొంత సైనికులతో నెలల తరబడి ప్రయోగం చేసింది. మొత్తం 134 పనుల్లో 93 చోట్ల పూర్తిగా మగవాళ్లున్న దళాలే, ఆడా మగా కలిసిన దళాలకంటే మెరుగ్గా చేశాయి. మహిళలకు గాయాలు కూడా ఎక్కువయ్యాయి. ఆ ప్రయోగం చేసిన తీరు మీద విమర్శలున్నాయి, ఉండనివ్వండి. బరువు మోసి మోసి ఎముకల్లో సన్నని పగుళ్లు రావడం ఆడవాళ్లలో ఎక్కువని సైనిక వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నదే. ఇదంతా దాచిపెట్టి సమానత్వం గురించి ఉపన్యాసాలివ్వడం రేపు ఆ బరువు ఎత్తబోయే అమ్మాయికే ద్రోహం.

అయితే సైన్యం సగటు మనిషిని చేర్చుకోదు, ఎదురుగా నిలబడ్డ మనిషిని చేర్చుకుంటుంది. సగటు లెక్కే ప్రమాణమైతే మన మగపిల్లల్లో ఎక్కువమంది కూడా ఇన్‌ఫాంట్రీకి పనికిరారు. ర్యాలీకి వచ్చినవారిలో ఎంతమంది మొదటి పరుగులోనే ఇంటిదారి పడతారో ఏ రిక్రూట్‌మెంట్ మైదానం గోడ దగ్గర నిలబడి చూసినా తెలుస్తుంది. అమెరికా ప్రయోగం జరిగిన 2015లోనే ఆ దేశపు రేంజర్ స్కూల్ తొలిసారి 19 మంది మహిళలకు తలుపు తెరిచింది. ప్రపంచంలోని అతి కఠినమైన పదాతి శిక్షణల్లో అదొకటి. ఆ 19 మందిలో చివరిదాకా నిలిచింది ముగ్గురు. ఈ అంకెను చూసి ఇద్దరు రెండు రకాలుగా మాట్లాడతారు. పదహారు మంది పోయారుగా అని ఒకరు, ముగ్గురు నెగ్గారుగా అని మరొకరు. ఆ ముగ్గురిని ఏ కారణం చెప్పి వెనక్కి పంపాలన్నది మా ప్రశ్న.

ఇక్కడే మన సైన్యం, రక్షణ శాఖ దాటవేస్తున్న విషయం ఒకటుంది. పదాతి సైనికుడు కచ్చితంగా ఏం చేయగలగాలో, ఎంత బరువుతో, ఎంత దూరం, ఎంత సేపట్లో అన్నది స్త్రీ పురుష భేదం లేని ఒక్క కొలతగా రాసి జనం ముందు పెట్టలేదు. అగ్నివీర్ ర్యాలీ లెక్కే చూడండి. 1.6 కిలోమీటర్ల పరుగులో పూర్తి మార్కులు రావాలంటే అబ్బాయి 5 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి, మిలిటరీ పోలీసుకు వచ్చిన అమ్మాయికి 7 నిమిషాల 30 సెకన్లు. ఈ తేడాను పట్టుకుని ‘చూశారా, వాళ్లకు సడలింపులు’ అని వెక్కిరించేవాళ్లకు కొదవలేదు. నిజానికి నిక్కరు, బనీను వేసుకుని తీసే ఆ పరుగు ఆరోగ్యాన్ని కొలుస్తుంది, కొండెక్కే సత్తాను కాదు. రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే తక్కెడలో వేయడం వల్లే ఈ చర్చ ముప్పై ఏళ్లుగా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

బ్రిటన్ చేసిన పని చూడదగ్గది. 2018లో పదాతిదళం సహా అన్ని శాఖలనూ మహిళలకు తెరిచి, ఆ మరుసటి ఏడాది నుంచి పోరాట దళాలకు కొత్త పరీక్ష పెట్టింది. 40 కిలోలు వీపున వేసుకుని 4 కిలోమీటర్లు 50 నిమిషాల్లో నడవాలి. 110 కిలోల బరువును గాయపడ్డ మనిషిని లాగినట్టు 20 మీటర్లు ఈడ్చాలి. ఆడా మగా, ఇరవై ఏళ్లా నలభై ఏళ్లా అని చూడరు. అమెరికా ఇప్పుడు పోరాట విభాగాలకు ‘అత్యున్నత పురుష ప్రమాణం’ పెడతామంటోంది. 2025 సెప్టెంబరులో అక్కడి రక్షణ మంత్రి పీట్ హెగ్‌సెత్ సేనాధిపతులందరినీ క్వాంటికోకు పిలిపించి మరీ ఆ మాట చెప్పారు. ఒకే ప్రమాణం అన్నంతవరకు మాకు పేచీ లేదు, దానికి పురుష ప్రమాణమని పేరు పెట్టడంలోనే ఉంది తిరకాసు. తోలోలింగ్ కొండకు ఆడా మగా తెలియదు. కొలత పనిని బట్టి పుట్టాలి.

కొలత చేతిలో ఉన్నా దాన్ని వంకరగా పట్టుకోవచ్చని మన దగ్గరే రుజువైంది. 1992లో మహిళలను అధికారులుగా తీసుకోవడం మొదలైంది. 1950 నాటి సైనిక చట్టం సెక్షన్ 12 ప్రకారం కేంద్రం నోటిఫై చేసిన శాఖల్లో తప్ప వారు అనర్హులు. పదవీ విరమణ వయసు దాకా కొలువులో ఉండే పర్మనెంట్ కమిషన్ కోసం కోర్టుల చుట్టూ తిరగ్గా తిరగ్గా 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పిచ్చింది. సరే ఇస్తామంటూ సైన్యం పెట్టిన పరీక్ష ఏమిటి? మగ అధికారులకు ఉద్యోగంలో అయిదో ఏటో పదో ఏటో చూసే వైద్య దారుఢ్యాన్ని, కోర్టుల్లో ఏళ్లు గడిచిపోయి నలభై దాటిన మహిళా అధికారుల దగ్గర వెతికింది. పైకి అందరికీ ఒకే కొలత, లోపల మోసం. లెఫ్టినెంట్ కల్నల్ నితిషా కేసులో 2021 మార్చి 25న సుప్రీంకోర్టు దీన్ని పరోక్ష వివక్ష అంది. అందుకే ఇన్‌ఫాంట్రీ కొలతను తలుపు తెరిచే ముందే రాయాలని మేం పట్టుబడుతున్నాం. అభ్యర్థుల ముఖాలు చూశాక రాసిన కొలతను ఎటైనా వంచవచ్చు, రాజకీయ ఒత్తిడితో కిందికైనా, అయిష్టంతో పైకైనా.

పునియా కేసులోనే కేంద్రం మరో వాదన వినిపించింది. జవాన్లలో అత్యధికులు పల్లెల నుంచి వచ్చినవారు, ఆడవాళ్ల ఆజ్ఞలకు లోబడేలా వారి మనసులు ఇంకా తయారు కాలేదట. కోర్టు దాన్ని తోసిపుచ్చింది. మాకైతే ఆ వాదన పల్లె మీద వేసిన నింద అనిపించింది. తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ పంచాయతీ పదవుల్లో సగం మహిళలవి. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరంలాగా ఇంటింటికీ ఫౌజీ ఉన్న ఊళ్ల కుర్రాళ్లు పంతులమ్మ దగ్గర అక్షరాలు దిద్ది, మహిళా ఎస్సై ఆపితే బండి ఆపి, కలెక్టరమ్మకు అర్జీ ఇచ్చి పెరిగినవాళ్లే. యూనిఫాం వేసుకోగానే వాళ్ల బుర్ర వెనక్కి నడుస్తుందా?

అంతకంటే దగ్గరి సంగతి ఒకటుంది, పైకి అనడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం దళ కమాండర్, ఆమె తలకు సర్కారు కట్టిన వెల 10 వేల రూపాయలు. ఆ తర్వాత దశాబ్దాలపాటు మావోయిస్టు దళాల్లో తుపాకి, కిట్టుబ్యాగు మోస్తూ అడవుల్లో తిరిగిన మహిళలు ఎంతమందో ఎదురుకాల్పుల వార్తలు రాసీ రాసీ ఈ పత్రికకూ తెలుసు. ఆ దారి తప్పన్నది మేం ఎప్పుడూ చెప్పే మాటే. ఆ దళాల పోరు వేరు, సరిహద్దులో గుట్టను పట్టుకుని నిలబడే పని వేరు, ఆ తేడానూ ఒప్పుకుంటాం. కానీ వాళ్లను ఎదుర్కోవడానికి 2021లో సీఆర్‌పీఎఫ్ తన కోబ్రా కమాండోల్లోకి 34 మంది మహిళలను తీసుకుంది. అదీ కాలినడకన, అడవిలో, ఎదురెదురు కాల్పుల పనే. హోం శాఖ కింద పనికొచ్చిన మనిషి రక్షణ శాఖ కింద పనికిరాకపోవడానికి కారణం ఎవరూ చెప్పలేదు.

శత్రువుకు చిక్కితే? నిజంగా కలవరపెట్టే ప్రశ్నే. కానీ దానికి జవాబు మనమే ఇచ్చేశాం, హైదరాబాద్ శివారు దుండిగల్‌లో. 2016 జూన్ 18న అక్కడి వైమానిక అకాడమీ నుంచి అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా వచ్చారు. పదాతి సైనికుడు చుట్టూ తన ప్లటూన్ ఉండగా పోరాడతాడు. ఫైటర్ పైలట్ విమానం కూలితే ఒంటరిగా శత్రు భూభాగంలో దిగుతాడు. 2019 ఫిబ్రవరిలో అభినందన్ వర్ధమాన్‌కు జరిగింది అదే. ఎక్కువ ప్రమాదానికి ఒప్పుకున్నాక తక్కువ ప్రమాదానికి అభ్యంతరం ఏమిటి? అసలు ప్రమాదం గీత గీసుకుని దాని అవతలే ఉంటుందా? 2001 డిసెంబరు 13న పార్లమెంటు ద్వారం దగ్గర ఉగ్రవాదులను ముందుగా పసిగట్టి, కేకలు పెట్టి అందరినీ అప్రమత్తం చేసి, తూటాలకు బలైన సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ కమలేశ్ కుమారి చేతిలో తుపాకి కూడా లేదు. ఆమెకు మరణానంతరం అశోక్‌చక్ర ఇచ్చాం.

శత్రువు కంటే మాకు ఎక్కువ దిగులు కలిగించేది సొంత శిబిరం. వంద మంది మగవాళ్ల కంపెనీలో ఒక్క అమ్మాయిని వేసి, మంచుకొండ మీది బంకర్లో ఆరు నెలలు ఉంచి, ‘సమానత్వం ఇచ్చాం, నెగ్గుకురా’ అనడం క్రూరత్వం. వేధింపు జరిగితే ఫిర్యాదు చేయాల్సింది ఆ కంపెనీ కమాండర్‌కే అయితే ఫిర్యాదే రాదు. ఈ విషయంలో ధనిక దేశాల సైన్యాలు కూడా చేతులు కాల్చుకున్నాయి. కాబట్టి మొదట ఒకటో రెండో బటాలియన్లను ఎంచుకుని, అధికారులనూ జవాన్లనూ గుంపుగా పంపాలి, ఒకరిద్దరిగా చల్లకూడదు. ఫిర్యాదు వినే అధికారి ఆ బటాలియన్ కమాండ్‌కు బయటివారై ఉండాలి. అయిదేళ్లు నడిపి, ఎంతమంది వచ్చారు, ఎంతమంది తప్పారు, ఎంతమందికి ఎముకలు విరిగాయి, బటాలియన్ పనితీరు పెరిగిందా తగ్గిందా అన్న లెక్కంతా పార్లమెంటు ముందు పెట్టాలి. తగ్గిందని తేలితే ఆ సంగతీ ఇదే శీర్షికలో రాస్తాం.

అధికారులతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారేమోనన్న అనుమానమూ ఉంది. కోర్టులకెక్కినవాళ్లు అధికారులు, కాబట్టి దారులు వాళ్లకే తెరుచుకున్నాయి. జవానుగా చేరాలనుకునే పేదింటి పిల్లకు సైన్యంలో ఉన్నది మిలిటరీ పోలీసు ఒక్కటే. అందులో తొలి జట్టు, 83 మంది, బెంగళూరులో ప్రమాణం చేసింది 2021 మేలో. ఇటు అధికారులకూ పూర్తి న్యాయం జరగలేదు. మన సైన్యాధిపతుల్లో అత్యధికులు పదాతి, ట్యాంకు, ఫిరంగి దళాల నుంచి వచ్చినవారే. ఇంజనీర్స్ నుంచి ఒకరు ఆ కుర్చీ ఎక్కడానికి 2022లో జనరల్ మనోజ్ పాండే దాకా ఆగాల్సి వచ్చింది. ఇన్‌ఫాంట్రీ తలుపు మూయడమంటే పైఅంతస్తు మెట్లు తీసేయడమే.

2024 గణతంత్ర దినోత్సవాన కర్తవ్యపథ్‌లో త్రివిధ దళాల మహిళలు ఒకే బృందంగా నడిచారు. ఆపరేషన్ సిందూర్ గురించి దేశానికి చెప్పడానికి కల్నల్ సోఫియా ఖురేషీని, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్‌ను ముందు కూర్చోబెట్టారు. చూడముచ్చటగానే ఉంది. ఉత్సవ విగ్రహాలు కూడా చూడముచ్చటగానే ఉంటాయి, ఊరేగింపు అయ్యాక మళ్లీ గుడిలోకే. పదాతి సైనికుడి కొలతను రక్షణ శాఖ వచ్చే నియామక ప్రకటన కంటే ముందే ప్రచురించాలి. బరువు ఎన్ని కిలోలు, ఎత్తు ఎన్ని అడుగులు, సమయం ఎన్ని నిమిషాలు, గాయపడ్డ మనిషిని ఎన్ని మీటర్లు ఈడ్చాలి, ఈ నాలుగూ రాస్తే ఒక పేజీ నిండదు. ఆ పేజీలో స్త్రీ, పురుషుడు అన్న గడి మాత్రం అక్కర్లేదు.