గడువు పెట్టి ఇచ్చిన మాట: చార్టర్ బడులు ఎక్కడ మొదలై ఎటు మళ్లాయి

చార్టర్ అన్న మాటను మనం చరిత్ర పాఠంలోనే చదువుకున్నాం. ఈస్టిండియా కంపెనీకి బ్రిటిష్ పార్లమెంటు ఇరవయ్యేళ్లకోసారి గడువు పొడిగిస్తూ ఇచ్చిన పట్టా అది. 1813లో అలా పొడిగించినప్పుడే, ఇక్కడి చదువులకు ఏటా లక్ష రూపాయలు ఖర్చు పెట్టాలన్న షరతు చేర్చారు. ఇన్నేళ్లు, ఈ షరతుల మీద. గడువు తీరాక మళ్లీ చూస్తాం. చార్టర్ అంటే ఇంతే. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రే బడ్డీ 1970లలో ఆలోచించి 1988లో అచ్చువేసిన ప్రతిపాదన కూడా ఈ పద్ధతిదే. కొందరు టీచర్లు కలిసి 'పిల్లలకు ఇది ఇలా నేర్పుతాం' అని స్కూలు బోర్డుకు, అంటే ఊళ్లోని ప్రభుత్వ బడుల్ని నడిపే మండలికి, రాసిస్తారు. బోర్డు కొన్నేళ్ల గడువిస్తుంది, డబ్బిస్తుంది, పైఅధికారుల పెత్తనం తగ్గిస్తుంది. ఇలా ప్రభుత్వ డబ్బుతో, గడువున్న పట్టా మీద విడిగా నడిచే బడులకే తర్వాత అమెరికాలో చార్టర్ బడులన్న పేరొచ్చింది.

ఆ ఆలోచనను దేశం ముందుకు తెచ్చింది ఒక యూనియన్ నాయకుడు. ఈ సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ అధ్యక్షుడు ఆల్బర్ట్ షాంకర్ అంతకు ముందు ఏడాది జర్మనీలోని కొలోన్ నగరంలో ఒక బడి చూసొచ్చారు. అక్కడ కొందరు టీచర్లు ఒక జట్టుగా ఏర్పడి, అవే పిల్లలతో ఆరేళ్లు సాగుతారు. ఎవరికి ఏ పాఠం, ఎంతసేపు అన్నది ఆ జట్టే తేల్చుకుంటుంది. టర్కీ నుంచి వలస వచ్చిన కార్మికుల పిల్లలూ స్థానికుల పిల్లలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. 1988 మార్చి 31న వాషింగ్టన్‌లోని నేషనల్ ప్రెస్ క్లబ్‌లో షాంకర్ ఇలాంటి ప్రయోగాలు మన బడుల్లోనూ చేద్దామన్నారు. ఆయన అడిగింది ఉన్న బడి లోపలే చిన్న బడి. అక్కడ ఏది ఫలించిందో పక్క తరగతికి తెలియాలి. ఏది విఫలమైందో అదీ తెలియాలి.

తొలి చట్టం 1991లో మిన్నెసోటాలో వచ్చింది. డెమొక్రాట్ సెనేటర్ ఎంబర్ రైక్‌గాట్ దాన్ని నడిపించారు, రిపబ్లికన్ గవర్నర్ ఆర్నీ కార్ల్‌సన్ సంతకం పెట్టారు, టీచర్ల సంఘాలు వ్యతిరేకించాయి. రాష్ట్రం మొత్తానికి ఎనిమిది బడులే అన్నారు. బడి పాలకవర్గంలో ఎక్కువమంది టీచర్లే ఉండాలన్నారు. 1992 సెప్టెంబరులో సెయింట్ పాల్ నగరంలో సిటీ అకాడమీ తలుపులు తెరిచింది. అదే దేశంలో మొదటి చార్టర్ బడి. చేరింది నలభై మందికి లోపే, అందరూ మామూలు బడి మధ్యలో వదిలేసిన పిల్లలు. ఎవరూ వద్దనుకున్న పిల్లల దగ్గర మొదలైన ప్రయోగం ఇదని నేను పదేపదే గుర్తు చేసుకుంటాను.

ఇప్పుడు అమెరికాలో ముప్పై అయిదు లక్షలకు పైగా పిల్లలు చార్టర్ బడుల్లో చదువుతున్నారు. ఫీజు ఉండదు, ప్రవేశ పరీక్ష సాధారణంగా ఉండదు. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. ఒకప్పుడు బడి హాల్లో తల్లిదండ్రుల కళ్లముందే అంకెలు రాసిన బంతులు తీసేవారు. ఇప్పుడు ఎక్కువచోట్ల కంప్యూటరే తేల్చేస్తుంది. 1998లో టూసాన్‌లో పుట్టిన బేసిస్ చార్టర్ బడుల పేరు అరిజోనాలోని మనవాళ్లలో చాలామందికి తెలుసు. లాటరీ ఫలితాలొచ్చే రోజుల్లో 'మీవాడిది వెయిటింగ్‌లో ఎంత?' అనే మాటే వినిపిస్తుంది. తల్లిదండ్రుల ఆరాటాన్ని నేను తప్పుపట్టను. కానీ బడి మానేసిన పిల్లల కోసం తెరిచిన తలుపూ, పోటీ పరీక్షల్లో ముందుండే పిల్లలు బారులు తీరే తలుపూ ఒకే పేరు మీద నడుస్తున్నాయి. అందుకే 'చార్టర్ మంచిదా చెడ్డదా' అన్న ప్రశ్నకు సూటి జవాబు దొరకదు.

లెక్కలు చెప్పేదీ అదే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రెడో సంస్థ 2009లో గణితం ఫలితాలు పోల్చి చూస్తే, 17 శాతం చార్టర్ బడులు పక్కనున్న ప్రభుత్వ బడులకన్నా మెరుగ్గా, 37 శాతం అధ్వానంగా తేలాయి. మిగతా వాటిలో తేడా లేదు. 2023 నాటికి సగటున చార్టర్ బడులే కాస్త ముందుకొచ్చాయి, ఆన్‌లైన్ చార్టర్లు మాత్రం బాగా వెనకబడ్డాయి. బాస్టన్‌లో లాటరీలో సీటొచ్చిన పిల్లల్నీ రాని పిల్లల్నీ పోల్చిన ఆర్థికవేత్తలకు సీటొచ్చినవారిలో పెద్ద లాభమే కనిపించింది. నేను దీన్ని గట్టి సాక్ష్యంగానే తీసుకుంటాను. చార్టర్ బడులన్నీ మోసమనేవాళ్లు బాస్టన్‌కు జవాబు చెప్పాలి.

అలాగే, అన్నీ అద్భుతమనేవాళ్లు ఒహాయోకు జవాబు చెప్పాలి. అక్కడ ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో అనే ఆన్‌లైన్ చార్టర్ 2000 నుంచి నడిచింది. పిల్లలు నిజంగా ఎంతసేపు చదివారో రికార్డులు చూపించమని రాష్ట్రం అడిగితే, చెప్పిన సంఖ్యలో సగం మందికి కూడా లెక్క తేలలేదు. తీసుకున్న కోట్ల డాలర్లు తిరిగి కట్టమన్నారు. 2018 జనవరిలో, విద్యాసంవత్సరం నడిమధ్యలో అది మూతపడింది. సుమారు 12 వేల మంది పిల్లలు ఎక్కడికి పోవాలో తెలియక మిగిలారు. గడువు తీరితే మూసేస్తామన్న షరతును సంస్కర్తలు జవాబుదారీతనం అన్నారు. మూసేసినప్పుడు మూల్యం చెల్లించేది ఆ పట్టా రాసుకున్నవాళ్లు కాదు, ఎనిమిదో తరగతి పిల్లవాడు. షాంకర్ అడిగినట్టు బడి లోపలి బడి అయితే, ప్రయోగం ఆగిపోయినా ఆ పిల్లవాడు పక్క గదిలోకి వెళ్లి కూర్చునేవాడు. బయట విడిగా కంపెనీ నడిపే బడిలో ఆ పక్క గది ఉండదు. తన ఆలోచన అలాంటి బడుల వైపు మళ్లడం చూసి, ఒహాయో ఉదంతానికి చాలా ముందే, 1990లలోనే షాంకర్ విమర్శకుడిగా మారారు.

న్యూ ఆర్లీన్స్‌లో 2005 కత్రినా తుపాను తర్వాత ఏడు వేల మందికి పైగా స్కూలు సిబ్బందిని తొలగించారు. వాళ్లలో ఎక్కువమంది ఆ ఊరి నల్లజాతి కుటుంబాలవాళ్లు. క్రమంగా ఊరంతా చార్టర్ బడులే అయ్యాయి. పరీక్షల ఫలితాలు పెరిగిన మాట నిజం. అయినా 2024లో ఆ నగర స్కూలు బోర్డు తానే నేరుగా నడిపే కొత్త బడిని, లియా చేజ్ స్కూలును, తెరిచింది. అంత ఊళ్లో అలాంటిది ఒక్కటి కూడా మిగలని చోట అది చిన్న విషయమేమీ కాదు.

మనకు చార్టర్ బడులు లేవు. డబ్బు ప్రభుత్వానిది, నడపడం ఇంకొకరిది అన్న ఏర్పాటు మాత్రం ఎయిడెడ్ బడుల్లో ఎప్పటినుంచో ఉంది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తనలోకి తీసుకునే పని మొదలుపెట్టినప్పుడు పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ రోడ్డెక్కించింది ఒకే భయం: సర్కారు సాయం ఆగితే బడి మూతపడుతుందేమో, లేదంటే ఫీజు కట్టమంటారేమో. ఒహాయో తల్లిదండ్రులకూ ఆ భయం వేరుగా ఉండదు. అక్కడి నమూనాను ఇక్కడికి తెద్దామనేవాళ్లను నేను ముందుగా అడిగేది ఇదే: బడి మూసే రోజున పిల్లలు ఎక్కడికి వెళ్తారో ఒప్పందంలో రాశారా?

రెండో ప్రశ్న: చార్టర్ బడిలో ఫలించింది షాంకర్ కోరినట్టు మామూలు బడికి చేరుతుందా? దానికి జవాబు హ్యూస్టన్‌లో ఉంది. 2010లో ఆర్థికవేత్త రోలాండ్ ఫ్రయర్, స్థానిక స్కూలు డిస్ట్రిక్ట్ కలిసి, మంచి చార్టర్ బడుల్లో పనిచేసిన పద్ధతుల్ని బాగా వెనకబడిన మామూలు ప్రభుత్వ బడుల్లోకి తెచ్చారు. బడి వేళలు పెంచారు, ప్రిన్సిపాళ్లను మార్చారు, చాలామంది టీచర్లనూ మార్చారు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఆరో తరగతి, తొమ్మిదో తరగతి గణితం. రోజూ ఒక బల్ల, ఒక ట్యూటర్, ఎదురుగా ఇద్దరే పిల్లలు. చదవడంలో మార్పు పెద్దగా రాలేదు. గణితంలో మాత్రం స్పష్టంగా వచ్చింది. లాటరీ లేదు, వెయిటింగ్ లిస్టు లేదు. పిల్లలు తమ వీధి బడికే వెళ్లారు.