ఇంటి పన్ను రసీదును పట్టా అనుకోకండి

ఏటా మార్చి నెలాఖరులో, ఇంటి పన్ను గుర్తొచ్చే వేళకు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. ఈ ఏడాది మా చుట్టాల గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: పన్ను రసీదు ఎవరి పేరున ఉంటే ఇల్లు వాళ్లదే. మున్సిపాలిటీ కాగితాలన్నీ చూశాకే పేరు ఎక్కిస్తుంది. 12 ఏళ్లు వరుసగా పన్ను కడితే కోర్టు కూడా ఖాళీ చేయించలేదు. పన్ను వేశారంటే ఆ కట్టడం సక్రమమైనట్టే. ఆస్తి తగాదాలో ఉంటే తేలేదాకా పన్ను కట్టక్కర్లేదు, ఆ తర్వాత ఎలాగూ మాఫీ చేస్తారు. ఏప్రిల్‌లో కడితే బాకీ మొత్తం మీద 5 శాతం తగ్గుతుంది.

పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ ఇందులో మొదటి మాట నమ్మినందుకు మా పిన్ని ఈరోజు కోర్టు చుట్టూ తిరుగుతోంది. అందుకే ఒక్కొక్క మాటే తీసుకుని జవాబు రాస్తున్నాను.

"రసీదు ఎవరి పేరున ఉంటే ఇల్లు వాళ్లదే."

కాదు. మా అమ్మమ్మ ఇల్లు తాతయ్య కొని ఆవిడ పేరున రిజిస్టర్ చేయించినది. తాతయ్య పోయాక పిన్నే అమ్మమ్మ దగ్గర ఉండి చూసుకుంది. మందులు, ఆస్పత్రి, ఇంటి పన్ను, అన్నీ తనే. 16 ఏళ్ల పన్ను రసీదులు ఒక బిస్కెట్ల డబ్బాలో ఏడాది వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టుకుంది. పాతవి చేత్తో రాసినవి, ఇంకా చదవడానికి వస్తాయి. కొత్తవి మెషీన్‌లోంచి వచ్చిన పల్చటి కాగితాలు, కొన్నింటి మీద అక్షరాలు పూర్తిగా ఎగిరిపోయి తెల్లగా మిగిలాయి. మధ్యలో ఒకసారి అమ్మమ్మ ఏదో కాగితం మీద వేలిముద్ర వేసిస్తే పన్ను పుస్తకంలో పిన్ని పేరు ఎక్కించారు. అమ్మమ్మ ఇల్లు రాసిస్తానని రెండుసార్లు అడిగింది. "పన్ను నీ పేరునే వస్తోందిగా, ఇంకా రిజిస్ట్రేషన్ ఖర్చెందుకు" అని చుట్టూ ఉన్నవాళ్లందరూ అన్నారు. పిన్నీ సరేననుకుంది.

అమ్మమ్మ వీలునామా రాయకుండానే పోయింది. ఏడాది తిరగకముందే చిన్న మామయ్య వాటా అడిగాడు. లాయరు ఆ డబ్బా అంతా ఓపిగ్గా చూసి, "అమ్మా, ఇవన్నీ మీరు పన్ను కట్టారని చెప్తున్నాయి. ఇల్లు మీకు ఎవరిచ్చారో ఒక్కటీ చెప్పడం లేదు" అన్నాడట. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త లేని, వీలునామా రాయని స్త్రీ ఆస్తి కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వస్తుంది. అంటే ఇద్దరు మామయ్యలకు, అమ్మకు, పిన్నికి తలా నాలుగో వంతు.

ఇల్లు చేతులు మారడానికి చట్టంలో దారులు స్పష్టంగా ఉన్నాయి. 100 రూపాయలు, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తిని అమ్మాలంటే రిజిస్టర్ దస్తావేజు ఉండాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెబుతోంది. దానంగా ఇచ్చినా రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పవని అదే చట్టం 123వ సెక్షన్. వీలునామాకైతే రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, రాసినవాళ్ల సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షులూ ఉంటే చెల్లుతుంది. అమ్మమ్మ వేలిముద్ర వేసిన ఆ రోజే, పక్కన ఇద్దరు సాక్షులతో ఒక వీలునామా మీద కూడా వేయించి ఉంటే! ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

రికార్డులో పేరు మారినంత మాత్రాన హక్కు పుట్టదు, ఉన్న హక్కు పోదు, అది పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలియడానికి మాత్రమే అని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది, 1997లో చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. ఆ కేసులు భూమి రికార్డుల మ్యుటేషన్, అంటే పేరు మార్పు, గురించినవి. మున్సిపాలిటీ పన్ను పుస్తకం ఉన్నదీ ఆ పనికే.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. పల్లెల్లో గ్రామకంఠం, అంటే ఊరి నివాస స్థలంలోని ఇళ్లకు తరతరాలుగా దస్తావేజులే ఉండవు. పంచాయతీ పన్ను రసీదే చేతిలో ఉన్న ఏకైక కాగితం. అలాంటి చోట అది నిజంగా విలువైనదే, స్వాధీనం ఎవరిదో చూపించడానికి పనికొస్తుంది. ఆ లోటు తీర్చడానికే 2020 ఏప్రిల్‌లో కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టి, డ్రోన్లతో ఇళ్లు కొలిచి ఆస్తి కార్డులు ఇవ్వడం తలపెట్టింది. రసీదు ఒక్కటే సరిపోయేదైతే ఆ పథకం అక్కరే ఉండేది కాదు.

"మున్సిపాలిటీ కాగితాలన్నీ చూశాకే పేరు ఎక్కిస్తుంది."

పిన్ని విషయంలో ఏం చూశారో పైన చెప్పాను. అసలు బిల్లులోని లెక్క ఎలా వేస్తారో చూస్తే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో నివాస గృహానికి ముందు కట్టడం విస్తీర్ణాన్ని ఆ ప్రాంతానికి నిర్ణయించిన చదరపు అడుగు అద్దెతో గుణిస్తారు. ఉదాహరణకు 1,000 చదరపు అడుగులు, అడుగుకు 1.25 రూపాయలు అనుకుందాం. నెలకు 1,250, ఏడాదికి 15,000. నెల అద్దె విలువ 300 రూపాయలు దాటితే పన్ను 30 శాతం కాబట్టి 4,500. ఇల్లు 25 ఏళ్ల లోపుదైతే తరుగుదల కింద 10 శాతం తీసేస్తే 4,050. దాని మీద లైబ్రరీ సెస్సు 8 శాతం, 324. మొత్తం 4,374 రూపాయలు.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో లెక్క వేరు. 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువకు బదులు రిజిస్ట్రేషన్ శాఖ పెట్టిన మార్కెట్ విలువ మీద పన్ను వేస్తున్నారు. ఒక్కసారిగా భారం పడకుండా పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. కొత్తగా ఏమీ నిర్మించకుండానే, ఒక్క గది కూడా పెంచకుండానే బిల్లు ఏటా ఎందుకు పెరుగుతోందని అడిగేవాళ్లకు చాలామటుకు జవాబు ఇదే.

ఈ రెండు లెక్కల్లోనూ ఉన్నవి విస్తీర్ణం, కట్టడం రకం, వాడకం, వయసు, విలువ. ఆ ఇల్లు మీకు ఎవరు అమ్మారు, వాళ్లకు అమ్మే హక్కు ఉందా అన్న ప్రశ్న ఎక్కడా రాదు. బిల్లు చేతికి రాగానే మీరు చూసుకోవాల్సినవీ ఇవే: అసెస్‌మెంట్ నంబరు, డోర్ నంబరు, విస్తీర్ణం, నివాసమా వాణిజ్యమా, పాత బకాయి. కింద చిన్న కొట్టు మూసేసి మూడేళ్లయినా వాణిజ్యం కిందే పన్ను కడుతున్న ఇళ్లు ఎన్నో ఉంటాయి. పన్ను మళ్లీ లెక్కగట్టమని (రివిజన్) లిఖితపూర్వకంగా అడిగి, అర్జీ ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

"12 ఏళ్లు పన్ను కడితే ఇల్లు సొంతం."

ఈ 12 ఊరికే పుట్టిన అంకె కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టం 65వ ఆర్టికల్‌లో ఉంది. ఒకరి స్థిరాస్తి ఇంకొకరి చేతిలోకి వెళ్లి, ఆ స్వాధీనం అసలు యజమానికి వ్యతిరేకంగా మారిన రోజు నుంచి 12 ఏళ్లలోపు దావా వేయాలి. ప్రభుత్వ భూమికి 30 ఏళ్లు. మెసేజ్ రాసినవాళ్లు అంకె పట్టుకుని షరతు వదిలేశారు. లెక్కకు వచ్చేది పన్ను కట్టిన కాలం కాదు. యజమానికి తెలిసేలా, బాహాటంగా, "ఇది నాదే, నీది కాదు" అన్నట్టు, ఎడతెగకుండా అనుభవించిన కాలం. ఎంతకాలం ఉన్నా ఒట్టి స్వాధీనం చాలదని సుప్రీంకోర్టు 2004లో కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో స్పష్టంగా చెప్పింది.

అద్దెకున్నవాళ్లు యజమాని అనుమతితో ఉన్నవాళ్లు. 20 ఏళ్లు పన్ను వాళ్లే కట్టినా అద్దెదారులే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్యైతే ఇంకా కష్టం. ఉమ్మడి వారసుల్లో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనంగానే లెక్క, మిగతావాళ్లను బాహాటంగా కాదన్నట్టు రుజువైతే తప్ప మారదని 1957 లక్ష్మీరెడ్డి కేసులోనే తేలింది. అమ్మమ్మకు వ్యతిరేకంగా ఆ ఇంట్లో ఉన్నానని పిన్ని కోర్టులో చెప్పగలదా? కన్నతల్లికి అన్నం కలిపి పెట్టిన మనిషి ఆ మాట ఎలా అంటుంది?

విదేశాల్లో ఉండి ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఈ మెసేజ్ చూసి టెన్షన్ పడుతుంటారు. అద్దె ఒప్పందం రాతలో ఉంచుకోండి, అద్దె బ్యాంకులో పడేలా చూసుకోండి, పన్ను మీరే ఆన్‌లైన్‌లో కట్టండి. చాలు.

"పన్ను వేశారంటే కట్టడం సక్రమమే."

అనుమతి లేని అంతస్తుకూ పన్ను వేస్తారు, పైగా జరిమానాతో కలిపి. ప్లాన్‌లో లేని కట్టడానికి అది పన్నుకు సమానంగా, అంటే 100 శాతం దాకా ఉంటుంది. కట్టడం కూల్చేదాకానో, క్రమబద్ధీకరించేదాకానో ఏటా పడుతూనే ఉంటుంది. ఆ పన్ను తీసుకున్నందువల్ల టౌన్ ప్లానింగ్ వాళ్ల చర్య ఆగదు. ఫ్లాట్ కొనేటప్పుడు అమ్మేవాళ్లు పన్ను రసీదు చూపిస్తే, మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం నివాసానికి తగినదని మున్సిపాలిటీ ఇచ్చేది), లింకు డాక్యుమెంట్లు (ఇదివరకటి యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా అడగండి. బ్యాంకు లోన్ ఇచ్చేముందు చూసేదీ వీటినే. రసీదు ఆ కట్టలో ఒక కాగితం.

"తగాదాలో ఉంటే కట్టక్కర్లేదు, మాఫీ చేస్తారు."

బాకీ మీద నెలకు 2 శాతం సాధారణ వడ్డీ, అంటే ఏడాదికి 24. 50 నెలలు, నాలుగేళ్ల రెండు నెలలు ఆగితే వడ్డీ అసలుతో సమానమవుతుంది. మన సివిల్ దావాలు నాలుగేళ్లలో తేలడం ఎవరైనా చూశారా? బకాయిలు ఒకేసారి తీర్చేందుకు ప్రభుత్వం అప్పుడప్పుడు తెచ్చే వన్ టైమ్ సెటిల్‌మెంట్‌లో తగ్గించేది వడ్డీని మాత్రమే, అసలు పూర్తిగా కట్టాల్సిందే. అది ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేం. ఈలోగా జప్తు నోటీసు రావచ్చు. తగాదాలో ఉన్నా ఎవరో ఒకరు కట్టి, రసీదు దాచి, ఆ ఖర్చును వాటాల్లో లెక్కలోకి తీసుకోమని అడగడం మేలు.

"ఏప్రిల్‌లో కడితే బాకీ మొత్తం మీద 5 శాతం తగ్గుతుంది."

సగం నిజం. ఏప్రిల్ 30 లోపు కట్టేవాళ్లకు 5 శాతం తగ్గింపు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇస్తూ వస్తున్నారు. కానీ అది ఆ ఏడాది పన్ను మీదే, ఏడాది మొత్తానిదీ ఒకేసారి కడితేనే. పాత బకాయిలకు వర్తించదు.

ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఉండి, ఇల్లు రాసిస్తామని మాట ఇచ్చి ఉంటే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. కుటుంబ సభ్యుల మధ్య సెటిల్‌మెంట్‌ దస్తావేజుకు (ఆస్తిని ఇంట్లోవాళ్లకు రాసిచ్చే కాగితం) స్టాంపు డ్యూటీ అమ్మకం కంటే తక్కువే. పిన్నికి ఆ ఖర్చు ఎక్కువనిపించింది. లాయరు ఫీజులకు ఇప్పటికే అంతకు మించి అయింది.

మా అమ్మ తన నాలుగో వంతుకు హక్కు విడుదల దస్తావేజు రాసి పిన్ని పేరున రిజిస్టర్ చేయించింది. పెద్ద మామయ్య కూడా ఆ పక్క వారమే వచ్చి సంతకం పెట్టాడు. చిన్న మామయ్య కేసు ఇంకా నడుస్తోంది. ఈ ఏప్రిల్‌లో కూడా పన్ను పిన్నే కట్టింది. అక్షరాలు ఎగిరిపోకుండా రసీదు జిరాక్స్ తీయించి, ఈసారి బిస్కెట్ల డబ్బాలో కాకుండా ఆ రెండు దస్తావేజుల ఫైల్లో పెట్టింది.