ముక్కుసూటి ఎల్‌ఎస్

కంప్యూటర్‌లో ఫోల్డర్ లోపలి పేర్లు చదివి చెప్పే ఎల్‌ఎస్ అనే కమాండ్ మీద జనానికి కోపం ఎక్కువ. ఫోల్డర్‌లో ఏముందో చూపించమంటే 'పర్మిషన్ డినైడ్' అని మొహం మీదే అనేస్తుందట. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి 1971లో వచ్చిన తొలి మాన్యువల్ నుంచీ పేర్లు చదవడం తప్ప వేరే పాపం ఎరగని ఈ రెండక్షరాల ఉద్యోగి తరఫున మాట్లాడేవాళ్లు విజయనగరంలో ఒక్కరూ లేరు గనక, ఆ భారం నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

మొన్న గంటస్తంభం దగ్గర టీ తాగుతుంటే మాష్టారు చంకలో ల్యాప్‌టాప్‌తో వచ్చారు. "ఏటి నాయినా ఇది? నా ఫోల్డరు, నేను దాచుకున్న రసీదు, నాకే చూపించనంటాదేటి!"

వివరాలతో సహా చూపించమని ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ కొట్టి చూశాను. 'రసీదు' అన్న పేరు మాత్రం కనిపిస్తోంది. ఓనరు చోట ప్రశ్నార్థకం, సైజు చోట ప్రశ్నార్థకం, తేదీ చోటా అదే. గోడకి వరసగా కొడవళ్లు తగిలించినట్టుంది.

తీగ లాగితే తేలిందేమిటంటే, సెక్యూరిటీకి మంచిదని ఎవరో చెబితే మాష్టారు ఫోల్డర్ మొత్తానికి చిమోడ్ 644 కొట్టేశారు. చిమోడ్ అంటే ఎవరికి ఏ హక్కుండాలో మార్చే కమాండ్; 644 అంటే సొంతదారు చదవచ్చు, రాయచ్చు, మిగతావాళ్లు చదవచ్చు అంతే. ఫైలుకైతే అది భేషుగ్గా సరిపోతుంది. ఫోల్డర్ సంగతి వేరు. అక్కడ ఆర్ అంటే పేర్లు చదివే హక్కు, ఎక్స్ అంటే గడప దాటే హక్కు. 644లో ఎక్స్ ఎవరికీ లేదు, సొంతదారుకి కూడా. వీధిలో నిలబడి లోపలున్నవాళ్లని పేరుపెట్టి పిలవచ్చు, కాలు మాత్రం పెట్టకూడదు.

రసీదుకి అంత తొందర ఎందుకంటే, మాష్టారి పొలం ఫైలు ఒక ఆఫీసులో ఉంది. (ఏ ఆఫీసో మీకెందుకులెండి.) అక్కడ ఏర్పాటు సరిగ్గా తిరగేసి ఉంటుంది: ఎక్స్ ఉంది, ఆర్ లేదు. ఏయే ఫైళ్లున్నాయో చూపించరు, నంబరు చెబితేనే బీరువా తెరుస్తారు. యూనిక్స్‌లోనూ ఇలాంటి ఫోల్డర్లుంటాయి, పేరు తెలిసినవాడికే ఫైలు దక్కుతుంది. ఆ నంబరేమో రసీదులో ఉంది. రసీదేమో గడప అవతల ఉంది.

అయినా నా ఓటు ఎల్‌ఎస్‌కే. పని సవ్యంగా జరిగితే 0, చిన్న ఇబ్బందైతే 1, పెద్ద తంటా అయితే 2 అని వెళ్తూ వెళ్తూ ఒప్పుకునిపోతుంది. ఆఫీసులో ఏం జరిగినా సున్నాయే, "అయిపోయినట్టేనండి, రేపు రండి." ఎల్‌ఎస్ ఫిర్యాదులు వినే ఓపిక లేకపోతే వాటిని డెవ్ నల్ అనే గోతిలోకి మళ్లించవచ్చు, అక్కడ పడింది మళ్లీ బయటికి రాదు. ఆఫీసు గోడకీ అలాంటిదొకటి ఉంది, ఎర్ర రంగు వేసి, తాళం కూడా వేసి.

"777 కొట్టీండి మాష్టారూ, అన్నీ తెరుచుకుంటాయి" అన్నాడు పక్క బెంచీ కుర్రాడు. అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేయడం. సిరిమానోత్సవం నాటి జనంలో ఇంటి తాళంచెవి పారేయమన్నట్టు! ఇంకొకాయన సుడో అన్నారు, అంటే అడ్మిన్ అధికారం అరువు తెచ్చుకుని పని చేయించుకోవడం. సొంతింట్లోకి వెళ్లడానికీ సిఫారసు కావాలి మనకి. సొంతదారుకి గడప దాటే హక్కిమ్మని ఫోల్డర్‌కి చిమోడ్ యూ ప్లస్ ఎక్స్ కొట్టాను. కొడవళ్లు పోయి సైజూ తేదీ వచ్చాయి.

మాష్టారు నంబరు అరచేతిలో రాసుకున్నారు. మర్నాడు ఆఫీసు నుంచే ఫోన్.

"నంబరు చెప్పీసాను నాయినా. బీరువా తాళం పట్టుకెళ్లినాయన సెలవులో ఉన్నాడట. ఇక్కడ ఏటి కొట్టాలి?"