మహారాజశ్రీ ఏకగ్రీవం గారికి

అనంతపురం,
ఎన్నికలు జరగకుండానే ముగిసిన నాలుగో రోజు.

అయ్యా,

నేను మా యూనివర్సిటీ ఉద్యోగుల సంఘంలో మామూలు సభ్యుణ్ణి. పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నా. జిల్లాలో యూనివర్సిటీలు ఒకటికి మించే ఉన్నాయి, మాది ఏదో చెప్పను. నాకింకా పదకొండేళ్ల సర్వీసు ఉంది.

మొన్న మీరు మళ్లీ గెలిచారు. నాకు తెలిసి ఇది వరసగా నాలుగోసారి. అధ్యక్షుడు మారాడు, మధ్యలో ఒకసారి ప్రధాన కార్యదర్శీ మారాడు, మీరు మాత్రం కుర్చీ దిగలేదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో సవరణ తెచ్చి, ఎన్నికైన కమిటీ మూడేళ్లకు మించి ఉండకూడదని రాశారు. పాపం, రాసినవాళ్లకు మీరు గుర్తొచ్చినట్టు లేరు.

మీ పేరు గురించి ఈ మధ్య ఆలోచిస్తున్నా. గ్రీవమంటే మెడ. సుగ్రీవుడిది చక్కని మెడ, హయగ్రీవుడిది గుర్రం మెడ, దశగ్రీవుడికి పది మెడలు. మీకు ఒక్కటే. పది మెడలవాడు చెడిపోయాడని చిన్నప్పుడు మా తెలుగు అయ్యవారు చెప్పాడు. ఆ పది తలకాయలూ పది రకాలుగా మాట్లాడుంటే బాగుపడేవాడేమోనని ఇప్పుడనిపిస్తుంది. ఆయన కొంపలోనూ తీర్మానాలన్నీ మీ పేరుమీదే పాసైనట్టున్నాయి. కాదన్న తమ్ముణ్ణి ఒక్కణ్ణే బయటికి పంపేశాడు.

సరే, మొన్నటి సంగతికి వస్తా. పదవులు ఏడు. ఈసారి నామినేషన్లు ఎనిమిది పడ్డాయి. ఆ ఎనిమిదోది మా సైన్సు బ్లాకు ల్యాబ్ అటెండరక్కది, కోశాధికారి పదవికి. ఆమె అడిగింది ఒకటే మాట: "నెలనెలా జీతంలో చందా కోస్తున్నారు గదా సార్, అది ఏమైతాందో ఒకసారి చూద్దామని." చూడటానికి పదవి అక్కర్లేదు, ఏ సభ్యుడైనా లెక్కల పుస్తకం చూడొచ్చని ఆ 1926 చట్టంలోనే రాశారు. ఆమె ముందు అలాగే అడిగింది కూడా. పుస్తకం ఆడిటర్ దగ్గరుందన్నారు. ఆడిటర్ ఎవరంటే, ఊళ్లో లేడన్నారు. అందుకని నామినేషన్ వేసింది. ప్రతిపాదించింది నేనే.

ఉపసంహరణకు ఆఖరి రోజు సాయంత్రం ఐదు వరకు గడువు. నేను మూడింటికి సంఘం ఆఫీసుకు పోయేసరికి టేబుల్ కింద నీలం ప్లాస్టిక్ బకెట్టు ఉంది. వాడిపోకుండా అడుగున రెండు చెంబుల నీళ్లు పోసి, బంతిపూల దండలు పెట్టారు. ఊరికే లెక్కపెట్టా. ఏడు.

ఎనిమిది నామినేషన్లు, ఏడు దండలు. అక్కడే నాకు అర్థమైపోయింది. అక్కకు మాత్రం ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు.

నాలుగింటికి ఆమెను పిలిపించారు. ముందు టీ. తర్వాత మిర్చి బజ్జీలు రెండు. తర్వాత అధ్యక్షుడు, "అమ్మా, నువ్వు మాకు చెల్లెలి లాంటిదానివి, మనమంతా ఒక కుటుంబం, మనలో మనకు పోటీ ఏంటికి చెప్పు?" అన్నాడు. పక్కనున్న ఉపాధ్యక్షుడు అందుకున్నాడు: "నీ క్వార్టర్సు పైకప్పు కారుతుందన్నావు గదా, ఇంజినీరింగ్ సెక్షన్‌తో నేను మాట్లాడతా." ఇంకొకాయన ఊరికే కిటికీలోంచి బయటికి చూస్తూ, ట్రాన్స్‌ఫర్ల ఫైలు కదులుతోందని గాలికి చెప్పినట్టు చెప్పాడు. అదీ వరస. మీ దగ్గర పనిచేసేవాళ్లకు మంచి తర్ఫీదు ఉంది సార్, ఒప్పుకోవాలి.

ఐదుకు పది నిమిషాలుండగా కాగితం ముందుకు జరిపారు. అందులో ఆమె పేరు, డిపార్టుమెంటు, తేదీ అన్నీ టైపు చేసే ఉన్నాయి. "నా సొంత కారణాల వల్ల, ఎవరి ఒత్తిడీ లేకుండా" అన్న ముక్క కూడా ఉంది. లేనిది సంతకమొక్కటే. పెన్ను అధ్యక్షుడే ఇచ్చాడు. ఆమె సంతకం పెట్టబోతూ నావైపు చూసింది. నేను బజ్జీ తింటున్నా.

(ఈ ముక్క రాయకుండా వదిలేద్దామనే అనుకున్నా. కానీ మీకు తెలియంది కాదు గదా.)

ఐదింటికి "ఏకగ్రీవం, ఏకగ్రీవం" అంటూ చప్పట్లు. బకెట్టులోంచి దండలు తీసి విదిలించి ఏడు మెడల్లో వేశారు. చొక్కాలు తడిశాయి గానీ ఎవరూ పట్టించుకోలేదు.

మీకు మా జిల్లాతో పాత బంధుత్వమే. 1977లో రాష్ట్రపతి పదవికి 37 నామినేషన్లు పడితే పరిశీలనలో 36 పోయాయి. మిగిలింది మా ఇల్లూరు నీలం సంజీవరెడ్డి గారిది. పోటీ లేకుండా రాష్ట్రపతి అయినవారు ఇప్పటికి ఆయనొక్కరే. మా అధ్యక్షుడు ప్రమాణ స్వీకారం చేసిన ప్రతిసారీ ఈ సంగతి చెబుతాడు, మొన్న కూడా చెప్పాడు. దానికి ఎనిమిదేళ్ల ముందు, 1969లో, అదే పదవికి నిలబడి అదే సంజీవరెడ్డి గారు వి.వి.గిరి గారి చేతిలో ఓడిపోయిన సంగతి మాత్రం ఎత్తడు. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక రెండో ప్రాధాన్య ఓట్లూ లెక్కపెట్టాల్సి వచ్చిన ఎన్నిక అది. గెలిచిన గిరి గారేమో రైల్వే కార్మిక సంఘాల్లో తిరిగి పైకొచ్చిన మనిషి. ఒక కార్మిక సంఘం మీటింగులో చెప్పాల్సిన కథ ఈ రెంటిలో ఏదో మీరే చెప్పండి.

ఇంకా వెనక్కి పోతే 1952లో అనంతపురం అసెంబ్లీ సీటులో సంజీవరెడ్డి గారిని ఓడించింది తరిమెల నాగిరెడ్డి గారు. సొంత బావమరిది. భార్య తోడబుట్టినవాడే ఎదురు నిలబడి ఓడించిన ఊళ్లో కూర్చొని, మేము "ఒక కుటుంబం, పోటీ ఏంటికి" అనుకుంటున్నాం.

అన్నట్టు, పల్లెల్లో మీకు రేటు బాగానే పలుకుతుంది. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు మీరు వచ్చిన ఊరికి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం అని ప్రభుత్వం ప్రకటించింది. మా సంఘానికి రెండు బజ్జీలతో వచ్చేశారు. చవగ్గా దొరికారని మేం సంతోషపడాలో, మీరు దిగులుపడాలో తెలీదు.

ప్రమాణ స్వీకారమయ్యాక సభ్యుల విశేషాలు చదివారు. అది ఐదు నిమిషాల పని. లైబ్రరీలో ఒకాయన రిటైరయ్యాడు, శాలువా కప్పారు. రావాల్సిన డబ్బుల గురించి ఆయన ఏదో అనబోతే మైకు ఇంకొకరి చేతికి పోయింది. ఒకావిడ కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, చప్పట్లు. హాస్టల్లో పనిచేసే వంటాయన పోయాడు, రెండు నిమిషాలు లేచి నిలబడ్డాం. తర్వాత కార్యదర్శి మినిట్స్ చదివాడు: "సంతాప తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

చావు దగ్గర కూడా వదల్లేదు మీరు. మనిషి పోయాడని ఒప్పుకోవడానికీ మీ సంతకం కావాలన్నమాట. ఆ వంటాయన ఇరవై రెండేళ్లు చందా కట్టాడు. ఒక్కసారైనా ఓటేశాడో లేదో! బ్యాలెట్ పెట్టె ఇప్పుడు బీరువా మీదుంది, దాంట్లో క్యారమ్ కాయిన్లు, పౌడర్ డబ్బా పెట్టుకుంటున్నారు. తాళం చెవి ఎక్కడుందో కూడా ఎవరికీ తెలీదు. తాళం వేసే అవసరమే రాలేదు.

అక్క నాతో మాట్లాడటం మానేసింది. కారిడార్లో ఎదురైతే "బజ్జీలు బాగున్యాయా సార్?" అంటుంది, అంతే, దాటిపోతుంది.

పైకప్పు సంగతి ఇంజినీరింగ్ సెక్షన్‌తో ఇంకా ఎవరూ మాట్లాడలేదు. రాష్ట్రంలో వాన తక్కువ పడే జిల్లాల్లో మాది ముందుంటుంది కాబట్టి, ఇక్కడ కప్పు బాగు చేయిస్తామని చెప్పడం చాలా క్షేమమైన వాగ్దానం. కానీ నిన్న రాత్రి కొట్టింది, రెండు గంటలు ఏకధాటిగా.

పొద్దున ఆమె కొడుకు సంఘం ఆఫీసుకొచ్చాడు. అమ్మ బకెట్టు అడిగి తెమ్మందని చెప్పాడు. లోపల కమిటీ వాళ్లు నలుగురున్నారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. బకెట్టు అడుక్కి అంటుకున్న బంతి రేకలు అలాగే ఉన్నాయి. వాడు వాటిని గుమ్మం దగ్గర దులిపేసి, బకెట్టు నెత్తిన బోర్లించుకొని పోయాడు.

ఇట్లు,
ప్రతిపాదించినవాడు