సింగపూర్ దాకా వెళ్ళి పనీర్ బటర్ మసాలా తిని రాకండి

ఈ డిసెంబరులో న్యూజెర్సీ నుంచి వైజాగ్ వెళ్తూ దారిలో సింగపూర్‌లో ఐదు రోజులు ఆగుతున్నాం. ఆ మాట చెప్పగానే అందరిదీ ఒకటే ప్రశ్న: "ఐదు రోజులు అక్కడ ఏం చేస్తారు? యూనివర్సల్, గార్డెన్స్ బై ద బే, మెర్లయన్ విగ్రహం దగ్గర ఫొటో. రెండు రోజులు చాలవా?"

ఇది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. 2018లో మేమూ అలాగే వెళ్ళొచ్చాం, ప్యాకేజీ టూర్‌లో. మూడు రోజులూ మధ్యాహ్నం, రాత్రి బస్సు తీసుకెళ్ళి ఒకే నార్త్ ఇండియన్ బఫే ముందు దింపేది. పనీర్, దాల్, జీరా రైస్. ఆ ఊరి తిండి ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టకుండా ఇంటికొచ్చేశాం.

తిండి కోసం ప్రాణమిచ్చే ఊరది. ఒకప్పుడు వీధుల్లో బండ్ల మీద అమ్ముకునేవాళ్ళకు 1971 నుంచి 1986 మధ్య నీళ్ళు, డ్రైనేజీ ఉన్న హాకర్ సెంటర్లు (చిన్న చిన్న తిండి స్టాళ్ళన్నీ ఒకే చోట ఉండే కట్టడాలు) కట్టించి అందులోకి మార్చారు. ఇప్పుడు అలాంటివి నూటపదికి పైనే ఉన్నాయి. 2016లో చైనాటౌన్ కాంప్లెక్స్‌లో సోయా సాస్ చికెన్ అమ్మే చిన్న స్టాల్‌కి, పేరుమోసిన రెస్టారెంట్లకిచ్చే మిషెలిన్ స్టార్ గుర్తింపు వచ్చింది. 2020లో ఈ హాకర్ సంస్కృతినే యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంత ఉన్న చోటికి వెళ్ళి పనీర్ తినడమేంటండీ!

మనవైపు నుంచి వెళ్ళిన వంటలు కూడా అక్కడి నీళ్ళు తాగి కొత్త రూపం తెచ్చుకున్నాయి. మన పరోటా అక్కడ ప్రాటా అయింది. చేప తలకాయ కూర మొదలుపెట్టింది ఒక మలయాళీ అని చెబుతారు. ఈరోజు అది అందరి కూర.

అందుకే ఈసారి ప్లానంతా తిండి చుట్టూనే వేశాను. న్యూయార్క్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ పద్దెనిమిది గంటల పైమాటే. శుక్రవారం రాత్రి ఎక్కితే ఆదివారం పొద్దున్నే దిగుతాం. హోటల్ గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు. దయచేసి ఆ రోజుకి ఏ టికెట్లూ కొనకండి. సామాను హోటల్లో పడేసి దగ్గర్లో ఉన్న కాఫీ కొట్టుకి వెళ్ళండి. కాయా (కొబ్బరిపాలు, గుడ్ల జామ్) రాసిన టోస్ట్, సగం ఉడికిన గుడ్లు, కొపి అనే అక్కడి కాఫీ. కొపిలో కండెన్స్‌డ్ మిల్క్ పోస్తారు. పాలు వద్దంటే 'కొపి ఓ', చక్కెర కూడా వద్దంటే 'కొపి ఓ కొసోంగ్' అని అడగాలి. సాయంత్రం లావ్ పా సాట్ అనే హాకర్ సెంటర్ పక్క వీధిలో బొగ్గుల మీద కాల్చే సాటే (పుల్లలకు గుచ్చిన మాంసం ముక్కలు) తిని పడుకుంటే చాలు.

మా అత్తయ్య శాకాహారి. అసలు టెన్షన్ అదే. లక్సా అనే నూడుల్స్ వంటకం రసంలో ఎండు రొయ్యలుంటాయి, సంబల్ అనే మిరపకాయ పచ్చళ్ళు చాలావాటిలో రొయ్యల ముద్ద కలుస్తుంది, కంటికి కనపడదు. "మాంసం లేదు కదా" అని అడిగితే సరిపోదు, రొయ్యల సంగతి విడిగా అడగాలి. చైనీస్ బౌద్ధుల శాకాహార స్టాళ్ళు వెతికిపెట్టుకున్నాను. చాలావాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు, కార్తీకమాసం నియమాలవాళ్ళకు కూడా నడుస్తుంది. ఇంకేమీ నచ్చకపోతే సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ దోసె ఉండనే ఉంది. కానీ అది ఆఖరి దారి.

స్టాళ్ళకు ఎవరి సెలవు రోజు వాళ్ళది. శుభ్రం చెయ్యడానికి సెంటర్ మొత్తం మూసే రోజులూ ఉంటాయి, ముందే చూసుకోండి. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఆ చోటు ఎవరో ముందే పట్టుకున్నారని అర్థం. తిన్న ట్రే మీరే తీసుకెళ్ళి పెట్టాలి, 2021 నుంచి అది రూల్. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి వీసా కావాలి. అరైవల్ కార్డు (దేశంలోకి వచ్చేవాళ్ళు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) అక్కడ దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఉచితంగా నింపొచ్చు, డబ్బడిగే సైట్ల జోలికి పోకండి.

ఆ స్టాళ్ళలో ఏళ్ళ తరబడి ఒకే వంటకం చేసిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. వాళ్ళ పిల్లలు చాలామంది ఆ వేడిలో నిలబడడానికి ముందుకు రావట్లేదు. ఆ పెద్దవాళ్ళు పొయ్యి ముందు ఉండగానే వాళ్ళ చేతి వంట తినాలని నా ఆశ. ఐదో రోజుని అందుకే పూర్తిగా ఖాళీగా ఉంచాను. నాలుగు రోజుల్లో ఏ స్టాల్ ఎక్కువ నచ్చితే అక్కడికే మళ్ళీ వెళ్ళి తిని, వైజాగ్ ఫ్లైట్ ఎక్కుతాం.