గడప దగ్గర ఆగిపోయే కాలికి కరెంటు మందవుతుందా?

మా పెదనాన్న హాల్లో బాగానే నడుస్తారు. వంటింటి గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. ఒళ్లు ముందుకి వంగుతుంది, మడమలు లేస్తాయి, పాదాలు మాత్రం ఉన్నచోటే వణుకుతాయి. వెనక నుంచి అందరం "అడుగెయ్యండి, అడుగెయ్యండి" అంటుంటే ఆయనకి టెన్షన్ పెరిగి కాలు ఇంకా బిగుసుకుంటుంది.

ఆయనకున్నది పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బు, అందులో దీన్నే ఫ్రీజింగ్ అంటారు. చూసేవాళ్లకి చేతి వణుకే పెద్ద జబ్బులా కనిపిస్తుంది గానీ, మనిషిని కింద పడేసేది ఇది. ఈ జబ్బుకి వాడే ముఖ్యమైన మాత్ర లెవోడోపా. దాని పవర్ దిగిపోయే వేళ వచ్చే ఫ్రీజింగ్ అయితే డోసు, టైము సరిచేస్తే కొంత తగ్గుతుంది. మాత్ర బాగా పనిచేస్తున్నప్పుడు కూడా వచ్చేది మాత్రం మొండిది. అందుకే తల తెరవకుండా బయటి నుంచే మెదడుని ప్రేరేపిస్తామంటే మాలాంటి ఇళ్లలో అంత ఆశ పుడుతుంది.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒకటి టీఎంఎస్, అంటే అయస్కాంతంతో ప్రేరేపించడం, 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం చేసి చూపించింది. తల మీద కాయిల్ పెడితే టక్ టక్‌మంటూ అయస్కాంత పల్స్‌లు లోపలికి వెళతాయి. రెండోది టీడీసీఎస్, అంటే సన్నని కరెంటుతో ప్రేరేపించడం, ఉప్పునీటిలో తడిపిన స్పాంజి ఎలక్ట్రోడ్లతో ఇరవై నిమిషాల పాటు ఒకటి రెండు మిల్లీ యాంపియర్ల కరెంటు పంపిస్తారు. అంత తక్కువ కరెంటు నాడీకణాలను నేరుగా పనిచేయించదు, అవి స్పందించే తీరుని కాస్త మారుస్తుంది, అంతే.

మరి నడక బాగుపడుతుందా? 2018లో టెల్ అవీవ్‌లో 20 మంది మీద చేసిన చిన్న ప్రయోగంలో, మెదడులో కాళ్లను కదిలించే భాగానికీ ధ్యాసని చూసుకునే ముందు భాగానికీ ఒకేసారి టీడీసీఎస్ కరెంటు ఇస్తే ఫ్రీజింగ్ తగ్గింది. అందరూ సంబరపడ్డారు. అదే ఆలోచనని 77 మంది మీద, కొందరికి ఉత్తుత్తి కరెంటు ఇచ్చి పరీక్షిస్తే, 2021లో వచ్చిన ఫలితం వేరు: ఫ్రీజింగ్ తెప్పించే నడక పరీక్షలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా ఈ జబ్బులో నమ్మకానికి చాలా బలం ఉంది. ఉత్తుత్తి మందు తీసుకున్నా రోగి మెదడులో నిజంగానే డోపమిన్ (ఈ జబ్బులో తగ్గిపోయే, కదలికలకి కావాల్సిన రసాయనం) విడుదలవుతుందని 2001లోనే స్కాన్‌లతో తేల్చారు. కాబట్టి "మూడు సిటింగ్‌లకే నడిచేశారు" అనే వీడియో అబద్ధం కాకపోవచ్చు, కానీ అది రుజువు కాదు.

టీఎంఎస్ పరిస్థితి కొంత మెరుగు, ప్రయోగాలన్నీ కలిపి చూస్తే నడకలో కొద్దిపాటి లాభం కనిపిస్తోంది. కానీ ఎక్కువ భాగం చిన్న ప్రయోగాలే, ఒక్కొక్కరు తలలో ఒక్కోచోట ఇచ్చారు, లాభం ఎన్ని నెలలు నిలుస్తుందో తేలలేదు. అందుకే నా మాట సూటిగా చెబుతాను: ట్రయల్‌లో చేర్చుకుంటామంటే ధైర్యంగా వెళ్లండి, తలలో లోహపు ముక్కలున్నా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా ముందే చెప్పండి. ఏదైనా క్లినిక్ ఇన్ని సిటింగ్‌లకి ఇంత అని ప్యాకేజీ కట్టమంటే మాత్రం ఆగండి. ఆ డబ్బుతో ఎన్ని నెలల ఫిజియోథెరపీ వస్తుందో ఒక్కసారి లెక్కేయండి.

మా ఇంట్లో ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు గడప ముందు అడుగుకొకటి చొప్పున తెల్ల టేపు అడ్డంగా అంటించాం. పెదనాన్న ఇప్పుడు గడపని కాకుండా గీతని చూస్తారు, ముగ్గు తొక్కకూడదన్నట్టు కాలెత్తి దాటేస్తారు. బాత్రూమ్ దగ్గరి మలుపులో ఇంకా ఆగిపోతూనే ఉన్నారు. అక్కడ పెద్దమ్మ పక్కన నిలబడి, తొందరపెట్టకుండా, "ఒకటీ... రెండూ..." అని లెక్కపెడుతుంది.